మెట్ల కింద వినబడే మోకాలు

ఆ ఆరంతస్తుల మేడలో ఎవరు ఎన్నింటికి ఇల్లు చేరారో, ఎవరికి ఆఫీసులో చీవాట్లు పడ్డాయో, ఏ మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకుని విడివిడిగా మెట్లు దిగారో అందరికన్నా ముందు తెలిసేది బూట్ల మేస్త్రికే. పాపం, ఆయన తెలుసుకోవాలని తెలుసుకునేవాడు కాదు. ఆయన కొట్టుకి పైకప్పంటూ వేరే లేదు. మేడమెట్లే పైకప్పు. నిలబడితే నెత్తి తగులుతుంది గనక పొద్దస్తమానం ముక్కాలిపీట మీదే కూర్చుంటాడు. నెత్తిమీద జనం ఎక్కుతుంటారు, దిగుతుంటారు. లిఫ్టు ఒకటి ఉంది గానీ దాన్ని నమ్ముకుని బయల్దేరినవాళ్ళెవరూ వేళకి పనికి చేరింది లేదు.

మనిషి ముఖం అబద్ధమాడుతుంది, నోరు సరేసరి. కాలికి ఆ విద్య రాదు. ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళెవరినైనా అడగండి, వీధి చివర వస్తున్న మనిషిని ముఖం ఆనకముందే నడకని బట్టి పోల్చుకుంటామంటారు. మేస్త్రికి ఆ నడక కూడా కనబడక్కర్లేదు, చప్పుడు చాలు. నాలుగో అంతస్తు ముసలాయన కర్ర ముందు పడి కాలు తర్వాత పడుతుంది. రెండో అంతస్తు నర్సమ్మ డ్యూటీకి పోయేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు ఈడుపు. ఇక మూడో అంతస్తులోని ఇంట్లోంచి దిగే తన కూతురు. దాన్ని ఇంటిల్లిపాదీ పిచ్చుక అనేవాళ్ళు. మెట్టుకొక్క అడుగు చొప్పున దిగడం దాని ఒంట్లో లేదు. రెండేసి మెట్లు ఒక్క గెంతు, చివర మూడు మెట్లూ ఒక్క దూకు. పైనుంచి అది బయల్దేరిందంటే మేస్త్రి చేతిలో ఆరె ఒక్క క్షణం ఆగేది. తోలుకి తూట్లు పొడిచే ఆ ఇనప ముల్లు ఆయన చేతిలో ఇంకెవరి కోసమూ ఆగి ఎరగదు.

పిల్ల రెండో తరగతిలో ఉన్న ఏడాది వానలు మొదలైనప్పుడు ఆ గెంతులు తగ్గాయి. పెద్దదవుతోంది, బుద్ధొస్తోంది అనుకున్నాడు. తర్వాత ఓ ఆదివారం దాని బడి బూట్లు అడుగులు మారుద్దామని తిరగేసి చూస్తే ఓ వింత కనబడింది. ఎడమ బూటు మామూలుగానే మడమ దగ్గర అరిగింది. కుడి బూటుకి మడమ కొత్తదానిలా ఉంది, వేళ్ళ దగ్గర మాత్రం పలచబడింది. అంటే పిల్ల కుడికాలు మునివేళ్ళ మీద నడుస్తోందన్నమాట.

"ఏమే పిచ్చుకా, మడమ ఆనించి నడవడం లేదేం?"

"ఆనట్లేదు నాన్నా. నేల కిందికి పోతోంది."

మేస్త్రి నవ్వేశాడు. నేల కిందికి పోతే పైకి తేవడమే కదా ఆయన బతుకంతా చేసిన పని. ఈ లోకంలో ఏ రెండు కాళ్ళూ ఒక్కలా ఉండవని ఆయనకి తెలుసు. అన్నట్టు, కుడికీ ఎడమకీ వేరువేరుగా బూట్లు కుట్టడం ఏమంత పాత అలవాటు కాదు. కొన్ని దేశాల్లో రెండొందల ఏళ్ళ కిందటి దాకా రెండూ ఒకే అచ్చుమీద కుట్టి జనం కాళ్ళకి తగిలించేవాళ్ళట. బూటు మాత్రం సర్దుకునేది కాదు, కాళ్ళే చచ్చినట్టు సర్దుకునేవి. ఆ కాలం పోయింది. మేస్త్రి మెత్తటి తోలు ముక్క ఒకటి కోసి, అంచులు పలచగా చెక్కి, కుడి బూటులో మడమ కింద అతికించాడు. పైన లోపలి అట్ట పరిచాడు. పిల్ల తొడుక్కుని వరండాలో అటూ ఇటూ నడిచింది. రెండు మడమలూ ఒకేలా టక్‌టక్‌మన్నాయి.

"నేల పైకొచ్చింది నాన్నా!"

అంతే, ఆ రోజంతా మేస్త్రి కాళ్ళు నేలమీద నిలవలేదు.

నిజానికి పిల్ల పొద్దున్నే లేవలేకపోతోంది. లేచినా మంచం అంచున కొయ్యబొమ్మలా కూర్చునేది. తల్లి అప్పటికే లాండ్రీలో ఇస్త్రీ పనికి వెళ్ళిపోయేది. ఆవిడ డ్యూటీ తెల్లారకముందే. పిల్లని లేపి బడికి పంపే పని మేస్త్రిదే. "బద్ధకం నా తల్లికి, బడంటే బద్ధకం" అని ఎత్తుకుని కుర్చీలో వేసేవాడు. కాసేపటికి కాళ్ళు సాగి మామూలుగా తిరిగేది. మధ్యాహ్నానికి ఆటలు కూడా. పొద్దున పట్టేసిన కాలు మధ్యాహ్నానికి వదిలేస్తే ఏ తండ్రి మాత్రం దాన్ని జబ్బనుకుంటాడు? ఇంట్లో సిమెంటు గచ్చు చల్లగా ఉంటుందని మెత్తని ఇంటి జోళ్ళు కూడా కుట్టిచ్చాడు. వాటిలోనూ కుడి మడమ కింద అదే ముక్క. చలికాలంలో ముక్క చాలలేదు. దానిమీద ఇంకొకటి పడింది. ఎండలు ముదిరేసరికి మూడోది. ఒకసారి నీళ్ళు పోస్తూ తల్లి అంది, "ఏమండీ, దీని కుడి మోకాలు కాస్త బొద్దుగా లేదూ?"

"ఎక్కడో కొట్టుకునుంటుందిలే. అది కుదురుగా ఉండే పిల్లా?"

ఆవిడ కొబ్బరినూనె రాసి ఊరుకుంది.

అసలు సంగతి బయటపెట్టినవాడు మేస్త్రి బావమరిది. సిటీ బస్సు డ్రైవరు. నోరు విప్పితే హారను. సెలవులకి చెల్లెలి కుటుంబాన్ని భోజనానికి పిలిచాడు. అతని పెళ్ళాం అప్పుడే నేల తుడిచింది. తుడిచిన నేలమీద బూట్లతో అడుగుపెడితే దేవుడినైనా గడప బయటే నిలబెట్టే మనిషి. అందరూ బూట్లు విప్పారు. పిల్ల కూడా విప్పి, మేనమామ చేతిలోని బెలూను కోసం గది అడ్డంగా నడిచింది.

డ్రైవరు బెలూను ఊదడం ఆపేశాడు.

"బావా, పిల్ల కుంటుతోంది."

"లేదే."

"కళ్ళెదురుగా కనబడుతుంటే లేదంటావేంటి? నా పాత బస్సులా ఓ పక్కకి ఒరిగిపోతోంది."

"బూట్లేసుకుంటే కుంటదు," అన్నాడు మేస్త్రి.

ఆ మాట అన్నాక అది తన చెవికే ఎలాగో వినబడింది. చెల్లెలు అన్నకేసీ మొగుడికేసీ మార్చి మార్చి చూసింది. పిల్ల మాత్రం బెలూను అందుకుని అదే నడకతో తిరిగొచ్చింది. కుడి మోకాలు వంగే ఉంది. మడమ గాల్లో ఉంది. ఆ గాల్లో ఉన్న జాగా ఎంతో మేస్త్రికి చూడగానే తెలిసింది. మూడు ముక్కల మందం. అణుమాత్రం ఎక్కువా కాదు, తక్కువా కాదు.

పెద్దాసుపత్రిలో పిల్లల కీళ్ళ జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వాళ్ళు చేరేసరికి మరికొన్నాళ్ళు పట్టింది. చేరాక ఆవిడ అరచెయ్యి ముందు ఎడమ మోకాలి మీద, తర్వాత కుడి మోకాలి మీద పెట్టి, తల్లిని కూడా పెట్టి చూడమంది. కుడిది వెచ్చగా ఉంది, ఉడుకు గిన్నె బయటి వైపులా. నిదానంగా కాలు చాపబోయింది. అది చివరిదాకా రాలేదు.

"ఇంత వంగిపోయేదాకా నడకలో ఎవరికీ ఏమీ కనబళ్ళేదా?"

మేస్త్రి పిల్ల కుడి బూటు తీసి బల్లమీద పెట్టాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి లోపలి అట్ట లేపాడు. ఒక్కొక్క ముక్కే ఊడదీసి వరసగా పెట్టాడు. ఇది వానల్లో వేసింది, ఇది చలికాలంలో, ఇది ఎండల్లో. డాక్టరమ్మ మూడింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి చూసింది. ఆవిడకి కావల్సిన రోగం కథంతా అందులోనే ఉంది, ఏ నెలలో ఎంత ముదిరిందో సహా.

"పని చాలా బాగుంది," అందావిడ.

"నా బూట్ల వల్ల వచ్చిందామ్మా ఇది?"

"రాలేదు. బూట్ల వల్ల రాదు, చలి వల్ల రాదు, మీ ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినకపోవడం వల్ల అసలే రాదు. ఆ లెక్కలు మాత్రం ఇంట్లో పెట్టుకోకండి." ఆవిడ తోలు ముక్కల్ని వేలితో పక్కకి జరిపింది. "కాకపోతే, ముందే చూసి ఉంటే మోకాలు ఇంత బిగిసేది కాదు. మడమకి ఎత్తు దొరికింది గనక మోకాలు చాపాల్సిన పని లేకపోయింది."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి కత్తి మడిచి జేబులో పెట్టుకుందామనుకున్నాడు. అది మడతపడలేదు. దాన్ని అలాగే తోలు ముక్కల పక్కన పెట్టేశాడు.

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిన మాటలు ఆయనకి చాన్నాళ్ళు నిద్రలో కూడా వినబడేవి. మన ఒంట్లో తెల్లకణాలనేవి తిరుగుతుంటాయట, ఊరి కాపలావాళ్ళలా. పరాయిది ఏదైనా లోపలికొస్తే మీద పడి తరుముతాయి. వీటి సంగతి మనుషులకి తెలిసిన తీరే ఓ కథ. ఎప్పుడో ఓ శాస్త్రవేత్త సముద్రం ఒడ్డున నక్షత్రచేప పిల్లకి ఓ ముల్లు గుచ్చి రాత్రంతా వదిలేశాడట. అద్దంలా పారదర్శకంగా ఉండే జీవి అది. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ముల్లుంటే అవి మూగడం న్యాయం. కానీ పిచ్చుక మోకాట్లో ముల్లు లేదు.

"మరి దేనిమీద యుద్ధం చేస్తున్నాయి?" అన్నాడు మేస్త్రి.

"దానిమీదే. మోకాలి లోపలి పొర మీదే. పిల్లల్లో ఇలా ఎందుకు మొదలవుతుందో మాకు పూర్తిగా తెలీదు."

"ఆపేవాళ్ళెవరూ ఉండరా లోపల?"

డాక్టరమ్మ ఆయనకేసి కొత్తగా చూసింది. "ఉంటారు. మంచి మాట అడిగారు. ఇక చాలు అని మిగతావాటికి చెప్పే కణాలు వేరే ఉన్నాయి. ఈ పిల్లల కీళ్ళలో అవి లేవేమోనని మొదట వెతికారు. లేకేం, బోలెడున్నాయి. చాలు చాలు అని చెప్తూనే ఉన్నాయి. చాలామంది పిల్లల కీళ్ళలో పోట్లాడేవే ఆ మాట వినిపించుకోవడం లేదు."

"ఎందుకు వినవు?"

"అదే వెతుకుతున్నారు."

ఆ రోజే మత్తిచ్చి మోకాట్లో చేరిన నీరు తీసి, లోపలికి మందెక్కించారు. తీసిన నీరు లేత పసుపురంగులో చిక్కగా ఉంది. అందులో కొంచెం పరిశోధన చేసేవాళ్ళకి పంపిస్తామని, ఒప్పుకుంటారా అని అడిగింది డాక్టరమ్మ.

"దానివల్ల మా పిల్లకి తగ్గుతుందా?" అంది తల్లి.

"ఈ పాపకి ఉపయోగపడకపోవచ్చు. తర్వాత వచ్చే పిల్లలకి పడొచ్చు."

"తీసుకోండి," అందావిడ, ఇరుగింటావిడకి అగ్గిపెట్టె ఇచ్చినంత తేలిగ్గా.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర డాక్టరమ్మ మేస్త్రిని ఆపింది. "ఇవాళ్టినుంచి చదును బూట్లే. లోపల ఏమీ పెట్టకండి. కుంటితే కుంటనివ్వండి. ఆ కుంటడమే నాకు కబురు. మీరు దాన్ని దాచేస్తే నేను గుడ్డిదాన్ని."

వారానికో ఇంజెక్షను మొదలైంది. తోలులోకి ఆరె దించే చెయ్యి కదా, మీరే వెయ్యండి అంది భార్య. మేస్త్రి సిరంజి పట్టుకున్నాడు. పిల్ల తొడమీద దూది రాశాడు. ఆ చెయ్యి గాలిలో ఆకులా కొట్టుకుంది. ఎన్ని వేల తూట్లు పొడిచిన చెయ్యి! చివరికి ఇస్త్రీపెట్టె పట్టే చెయ్యే ఆ పని చేసింది. మేస్త్రికి పిల్ల కాళ్ళు కదలకుండా పట్టుకునే పని దక్కింది.

సూది నొప్పి పిల్లకి లెక్కలేదు. మందే పడేది కాదు. మర్నాడంతా కడుపులో దేవేది. ఆ మందు రంగు పసుపు. కొన్నాళ్ళకి సిరంజి కనబడగానే వాంతి, ఇంకొన్నాళ్ళకి పసుపు రంగు కనబడితే చాలు వాంతి. తల్లి తన పసుపు చీర ఎవరికో ఇచ్చేసింది. మేస్త్రి కొట్టులో ఉన్న పసుపు దారం ఉండలన్నీ ఏరి డబ్బాలో దాచేశాడు. డ్రైవరు మామయ్య ఓసారి యూనిఫాంకి బదులు పసుపు చొక్కా వేసుకొచ్చి గుమ్మంలోనే విప్పి బయట పడేసి, బనీనుతో కూర్చున్నాడు.

"చూడవే పిచ్చుకా, నీకోసం మీ మామ పరువు కూడా గుమ్మం బయట పెట్టేశాడు."

"లోపల పెట్టుకోడానికి ఉంటే కదా మామయ్యా," అంది పిల్ల. అందరూ నవ్వారు. అది వారంలో నవ్వే రోజు గనక పిల్లా నవ్వింది. ఇంజెక్షను ఇంకా దూరం ఉంది.

మెల్లగా మందు పనిచేసింది. అది చెప్పింది కూడా మెట్లే. ఈడ్చి పడే అడుగు ఒకనాటికి తిన్నగా పడింది, తర్వాత నిలిచింది, ఓ సాయంత్రం రెండు మెట్లు ఒక్క గెంతయింది. మేస్త్రి చేతిలో ఆరె ఆగిపోయింది. ఎదురుగా బూటు కోసం నిలబడ్డ ముసలాయన, "ఏమయిందయ్యా?" అన్నాడు. "ఏంలేదండీ, మా పిల్ల," అన్నాడు మేస్త్రి. కళ్ళు తుడుచుకోవాలంటే చేతులకి జిగురు.

చాలాకాలం అలా సుఖంగా గడిచాక డాక్టరమ్మ మందు ఆపి చూద్దామంది. మళ్ళీ రావచ్చు, రాకనూ పోవచ్చు, ఎవరికి వస్తుందో ముందు చెప్పే ఉపాయం ఇంకా చేతికి రాలేదు అని కూడా చెప్పింది. రెండో మాట ఎవరూ వినలేదు. ఇంటికొచ్చి సిరంజిల డబ్బా పారేశారు. పిల్ల బడి నుంచి వచ్చి ఖాళీగా కొట్టులో కూర్చునేది. పనికిరాని తోలు ముక్కలమీద కత్తి ఆడించేది. అంచు ఎలా పలచగా చెక్కాలో మేస్త్రి దానికి నేర్పాడు. "కత్తిని తొయ్యకు, పడుకోబెట్టి లాగు. అంచు కాగితంలా రావాలి. తొడుక్కున్నవాడికి లోపల ఏదో ఉందని తెలియకూడదు." పిల్ల నాలుక బయటపెట్టి లాగేది. బాగా వచ్చేది. మేస్త్రి మురిసిపోయేవాడు.

కుడి అడుగులో తేడా ఆయన చెవిన పడింది ఓ మామూలు మధ్యాహ్నం. తేడా అంటే కుంటు కాదు. కుంటే వినబడితే ఆయనకి అర్థమయ్యేది. అడుగులు రెండూ సమంగానే పడుతున్నాయి. కానీ ఎడమది టక్ మంటే కుడిది టప్ మంది. లోపల మెత్తగా ఏదో కూరిన బూటుకే ఆ గొంతు ఉంటుంది. ఆ గొంతుని ఆయన చెప్పుల దుకాణం నిండా జనం నడుస్తున్నా పోల్చుకోగలడు. ఎందుకంటే ఒక ఏడాది పాటు దాన్ని కూడబెట్టింది ఆయనే.

పిల్ల పైకెళ్ళి, ఇంటి జోళ్ళతో దిగొచ్చింది. బడి బూట్లు పైనే వదిలింది. మేస్త్రి మూడంతస్తులూ ఎక్కి ఇంట్లోకి వెళ్ళాడు. తలుపు వెనక బూట్లున్నాయి. కుడిదాంట్లో వేళ్ళు పెట్టి అట్ట లేపాడు.

కింద గట్టి కాగితపు అట్ట ముక్కలు రెండు. ఒకదానిమీద ఒకటి అతికించి, పైన మెత్తటి తోలు తొడిగి ఉన్నాయి. అంచులు కాగితమంత పలచగా వాలిపోయి ఉన్నాయి. ఎక్కడా మెట్టు తగలదు. మడమ గుంట ఎంత ఉండాలో అంతే. ఇది ఇవాళ చేసిన పని కాదు. తోలు అప్పుడే పాదం రంగు పట్టింది.

ముందు ఆయనకి కలిగింది గర్వం. తన చేతిపని తన కూతురి చేతిలో చూసిన ఒక క్షణం గర్వం. దాని వెనకే సంగతి అర్థమై, బూటు ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్కనే కూలబడ్డాడు.

పిల్ల వెతుక్కుంటూ పైకొచ్చింది. తండ్రి ఒళ్ళో బూటు చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఎప్పట్నించే?"

పిల్ల గోటితో ద్వారబంధం గోకింది.

"అడుగుతుంటే?"

"మొన్నటి పరీక్షలప్పట్నించి."

"నొప్పి ఉందా?"

"పొద్దున్నే కొంచెం. తర్వాత పోతుంది." వచ్చి ఎదురుగా కూర్చుంది. కుడికాలు చాపబోయి మానుకుంది. "నాన్నా, అమ్మకి చెప్పకు. నువ్వు చేస్తే ఇంకా బాగుంటుంది. నాది కొంచెం జరుగుతోంది. నువ్వు చేసిపెట్టవూ? ఇదివరకు చేశావు కదా."

"ఇదివరకు నాకు తెలీక చేశాను."

"ఇప్పుడు తెలుసు కదా, ఇంకా బాగా చేస్తావు."

పిల్ల లాయరు కన్నా తెలివిగా అడుగుతోంది.

"లోపల వేడిగా ఉండుంటుంది తల్లీ. నువ్వు దాచితే అవి ఆగవు. మోకాలు తినేస్తాయి. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి..."

"వద్దు!" ఆ అరుపు పక్కింటికి కూడా వినబడి ఉంటుంది. "మళ్ళీ పసుపుది వేస్తారు. నాకొద్దు. కుంటిగా ఉన్నా పర్లేదు నాకు. నువ్వు కాళ్ళు పట్టుకుంటావు, అమ్మ పొడుస్తుంది, నేనే కదా కక్కుకునేది! మీరు కక్కుతారా?"

"కక్కుదును తల్లీ. నాకు వేస్తే తగ్గుతుందంటే రోజూ కక్కుదును."

"అబద్ధం. నీకు సూది చూస్తేనే చెయ్యి వణుకుతుంది."

అది నిజమే. ఆయన ఏడుస్తున్న పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

"చాల్లే పిచ్చుకా. ఇంక చాలు. అలా ఏడవకూడదు," అన్నాడు. అది వినిపించుకోలేదు. చాలు చాలు అని వీపు నిమురుతూనే ఉన్నాడు. అది ఏడుస్తూనే ఉంది. తల్లి పని నుంచి వచ్చేదాకా అదే వరస. ఆవిడ గుమ్మంలో నిలబడి, మొగుడి చేతిలో ఊడిన అట్టని, పిల్ల మొహాన్ని చూసి, చేతిసంచీ కింద పెట్టి, వంగి పిల్ల కుడి మోకాలిమీద అరచెయ్యి ఆనించింది. తర్వాత ఎడమదానిమీద. మళ్ళీ కుడిదానిమీద.

"రేపే వెళ్దాం," అంది. మొగుడిని ఒక్క మాటా అనలేదు. ఓ నాలుగు మాటలంటే ఆయనకి కాస్త తేలికయ్యేది.

మర్నాడు పిల్ల తండ్రితో మాట్లాడలేదు. అట్టలు తీసేసిన చదును బూట్లు తొడుక్కుంది. తల్లి తాళం వేస్తోంది. మేస్త్రి ముందే దిగి కొట్టుకి చెక్క తలుపు మూసే వంకతో మెట్ల కింద నిలబడ్డాడు, నెత్తి వంచుకుని. పైనుంచి పిల్ల బయల్దేరింది. ఎడమది టక్. కుడిది కాస్త ఆలస్యంగా, ధడ్‌మని. ఎప్పుడూ మెత్తగా దాచి పెట్టే ఆ కాలిని ఇవాళ కావాలని బాది బాది వేస్తోంది. ప్రతి మెట్టుకీ ఆయన నెత్తిమీద దుమ్ము రాలింది. విను, బాగా విను, అన్నట్టుంది. మూడంతస్తుల మెట్లు ఎన్నున్నాయో ఆ పొద్దున ఆయనకి తెలిసినంత బాగా ఆ మేడ కట్టినవాడికి కూడా తెలిసి ఉండదు.

బస్సులో తల్లి పక్కన కూర్చుంది. ఆసుపత్రిలో పిలుపొచ్చేదాకా కిటికీకేసే చూసింది. డాక్టరమ్మ మోకాలు పట్టి చూసి, చాపి చూసి, మళ్ళీ మొదలైందని మెల్లగా చెప్పింది. తిట్టలేదు. పిల్ల చేసిన అట్ట ముక్కని మాత్రం తిప్పి తిప్పి చూసి మేస్త్రికి తిరిగిచ్చేసింది. పాత మందుతోపాటు కొత్తది కూడా కలపాల్సి వస్తుందేమో అంది. అయితే పాతది మళ్ళీ తప్పదు. అది ఏ రంగో ఎవరూ అడగలేదు.

"ఈసారైనా అవి వింటాయామ్మా?" అన్నాడు మేస్త్రి.

"వినేలా చెయ్యడానికే మందు. ఎన్నాళ్ళు వింటాయో చెప్పలేను." ఆవిడ లేచి తలుపు తెరిచింది. "బూట్లు విప్పి, వరండాలో ఆ చివరిదాకా నడిచి రా తల్లీ. నడక చూడాలి."

పిల్ల వంగి బూట్లు విప్పింది. ఎవరికివ్వాలో తోచక అటూ ఇటూ చూసి, తండ్రి మొహం చూడకుండా ఆయన ఒళ్ళో పడేసి వెళ్ళింది. తల్లి గుమ్మం దాకా వెంట వెళ్ళింది. ఉత్త కాళ్ళకి చప్పుడుండదు. పొడుగాటి వరండాలో పిల్ల దూరమవుతుంటే మేస్త్రికి ఏమీ వినబడలేదు. ఇప్పుడు కూతురి నడకని కళ్ళతో మాత్రమే చూడాల్సి వచ్చింది. భుజం ఓ పక్కకి వాలుతోంది, లేస్తోంది, వాలుతోంది.

ఒళ్ళో బూట్లు వెచ్చగా ఉన్నాయి. కుడిదాంట్లోకి ఆయన చేతి బొటనవేలు పోయింది. మడమ గుంట దగ్గర ఆగి నొక్కి చూసింది. ఎంత ఎత్తు కావాలో, ఏ తోలు పట్టాలో, అంచు ఎక్కడినుంచి వాల్చాలో దానికి తెలుసు. మేస్త్రి ఉలిక్కిపడి వేలు బయటికి లాక్కున్నాడు. బూటు మూతి చేత్తో మూసి పట్టుకున్నాడు. చాలు అనుకున్నాడు, పైకే అనుకున్నాడు, పక్క కుర్చీలో కూర్చున్నావిడ తిరిగి చూసింది.

వరండా చివర పిల్ల వెనక్కి తిరిగింది. బొటనవేలు మళ్ళీ బూటులోకి పోయింది.